ఓబులేసు అన్న పేరులో తప్పేముంది

ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల పేరు చెబితే ఇప్పుడు అందరికీ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు గుర్తొస్తాయి. ఆ ఊరి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన రాతిశాసనాన్ని తెలుగులో మొట్టమొదటి శాసనంగా చెప్పుకుంటున్నాం. సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితుల లెక్క. రాయి అరిగింది, కొన్ని పంక్తులు పోయాయి. పోగా మిగిలిన మాటల్లో ఎక్కువ భాగం మనుషుల పేర్లూ ఊర్ల పేర్లే. రేనాడు అనే ఈ ప్రాంతాన్ని ఏలుతున్న రాజు పేరు అందులో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. ఆ పేరును విడదీసి చూడండి. ధనంజయుడు సంస్కృతం, అర్జునుడి పేర్లలో ఒకటి. ఎరికల్ ముత్తురాజు ఈ నేల మాట, ఆ ఇంటి రాజులు ఒకరి తర్వాత ఒకరు పెట్టుకున్న బిరుదు. రెండూ ఒకే రాతి మీద పక్కపక్కనే, ఒకదానికొకటి అడ్డం రాకుండా ఉన్నాయి. ఇదే వంశం వాళ్లు మాలెపాడులో దొరికిన రాగిరేకుల్లో తమ తాతముత్తాతలను చెప్పుకున్నప్పుడు మాత్రం నందివర్మ, సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయవర్మ, పుణ్యకుమారుడు అంటూ సంస్కృతంలోనే రాయించారు. వీటిలో సింహవిష్ణువు అనేది కంచి పల్లవుల పేరు. పెద్దరాజు పేరు పిల్లవాడికి పెట్టుకోవడాన్ని బట్టే ఈ రేనాటి చోళులు ఒకప్పుడు పల్లవుల నీడలో ఉన్నారని చరిత్రకారులు ఊహించగలిగారు. యుద్ధం గురించి ఒక్క ముక్క రాయని చోట, పెట్టుకున్న పేరే ఎవరు ఎవరికి లోబడి ఉన్నారో చెప్పింది.

కమలాపురం తాలూకాలోని ఎర్రగుడిపాడు శాసనం ఇంకాస్త ఎక్కువ చెబుతుంది. అది ఒక బ్రాహ్మణుడికి భూమి ఇచ్చిన దానశాసనం. సాక్షుల్లో ఒకరు దుజయరాజు, మరొకరు వల్లవ దుకరాజు. దుజయ అంటే దుర్జయుడే. దుకరాజు అంటే యువరాజే అని శాసన పండితులు చెప్పారు. చెక్కినవాడికి సంస్కృతం రాక ఇలా రాశాడనుకుందామా అంటే, అదే రాతిమీద స్వస్తిశ్రీ అని మొదలుపెట్టాడు, దానం పుచ్చుకున్న రేవశర్మ పేరు శర్మతో సహా తప్పు లేకుండా రాశాడు. అంటే ఎవరి పేరు ఊళ్లో ఎలా పలుకుతారో అలా రాయడం అతని పద్ధతి. శర్మను శర్మ అన్నారు గనక శర్మ అని రాశాడు, దుర్జయుణ్ని దుజయ అన్నారు గనక దుజయ అని రాశాడు. వంశం పేరునే తీసుకున్నా సంగతి ఇదే. మనం ఇప్పుడు కొన్నిచోట్ల చోళ అనీ కొన్నిచోట్ల చోడ అనీ రాస్తున్న ఆ పేరు పాత శాసనాల్లో ఉన్నది ళతో కాదు, డతో కాదు. నాలుక వెనక్కి మడిచి పలికే ఒక ద్రావిడ ధ్వనికి అప్పట్లో వేరే అక్షరం ఉండేది, చోఴ అని రాసేవాళ్లు. నన్నయ నాటికే ఆ పలుకు తెలుగువాళ్ల నోట్లో లేదు. కొన్ని మాటల్లో డగా, కొన్నింట్లో ళగా, కొన్నింట్లో రగా కలిసిపోయింది. అక్షరం పోయాక పేరు రెండుగా చీలింది. చోడుడు ఒకరు, చోళుడు మరొకరు అన్నట్టు బడిపిల్లలు చదువుకునే స్థితి అలా వచ్చిందే.

ఈ రెండు రాళ్లనూ ముందుపెట్టి చెప్పదలచుకున్నది ఒక్కటే. కొండాపురం, జమ్మలమడుగు, పొద్దుటూరు, పులివెందుల పల్లెల్లో వినిపించే ఓబులేసు, తిమ్మక్క, తిప్పయ్య, కుళ్లాయప్ప, దస్తగిరి వంటి పేర్లు చదువురాని నోళ్లలో చెడిపోయిన పేర్లు కావు. వాటిని రాజులు, కవులు, శాసనాలు చెక్కినవాళ్లు నోట ఉన్నట్టే రాసుకున్నారు. నోటిపేరు తప్పనీ దాన్ని దిద్దాలనీ అనుకోవడం ఇటీవలి సంగతి, బడి రిజిస్టరుతోనూ కచేరీ రిజిస్టరుతోనూ వచ్చింది. అలా దిద్దిన ప్రతిసారీ ఆ పేరు ఏ గుడి నుంచి, ఏ దర్గా నుంచి, ఏ మొక్కుబడి నుంచి వచ్చిందో చెప్పే ఆనవాలు చెరిగిపోతోంది.

పేరు రాసే తీరులో అర్థం ఎలా దాగి ఉంటుందో తెలుసుకోవాలంటే జపాను వైపు ఒకసారి చూడాలి. అక్కడ పేరు పెట్టడమంటే రెండు పనులు. ఒక పలుకును ఎంచుకోవాలి, ఆ పలుకును చైనా నుంచి వచ్చిన ఏ అక్షరాలతో రాయాలో కూడా ఎంచుకోవాలి. హరు అనే పలుకునే వసంతం అనే అర్థమున్న అక్షరంతో రాయొచ్చు, సూర్యుడి వెలుగు అనే అర్థమున్న అక్షరంతో రాయొచ్చు, మబ్బు విడిన ఆకాశం అనే అక్షరంతోనూ రాయొచ్చు. పిలిస్తే ముగ్గురూ హరులే, కాగితం మీద ముగ్గురూ వేరు. అందుకే అక్కడి ప్రభుత్వం పేర్లలో ఏ అక్షరాలు వాడాలో జాబితా కట్టింది. 1948 నుంచి ఆ జాబితాలో లేని అక్షరంతో పిల్లల పేరు కుటుంబ రిజిస్టరులో ఎక్కదు. 1993లో టోక్యో దగ్గరి అకిషిమాలో ఒక తండ్రి కొడుకు పేరు అకుమా అని నమోదు చేయించబోతే పెద్ద వివాదమైంది. రెండు అక్షరాలూ జాబితాలో ఉన్నవే గానీ కలిపి చదివితే దయ్యం అని అర్థం. మరో వింత ఏమిటంటే, ఆ రిజిస్టరులో అక్షరాలు ఉండేవి గానీ వాటిని ఎలా పలకాలో ఉండేది కాదు. పలుకును కూడా నమోదు చేయాలన్న నిబంధన 2025 మే నెలలో అమల్లోకి వచ్చింది. అంటే జపాను రిజిస్టరు నూటయాభై ఏళ్లు అర్థాన్ని దాచిపెట్టి పలుకును కుటుంబానికి వదిలేసింది. మన తెలుగు లిపి పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. మన అక్షరం పలుకును పట్టుకుంటుంది, అర్థాన్ని మోయదు. ఓ, బు, లే, సు అనే అక్షరాల్లో ఏ దేవుడూ లేడు. మరి అర్థం ఎక్కడుంది? ఆ పేరు నడిచొచ్చిన దారిలో ఉంది. పేరు ఎక్కడ అరిగింది, ఎక్కడ కొత్త తోక తగిలించుకుంది అన్నదే ఆ దారికి గుర్తు. అరుగుదలను దిద్దేస్తే దారి కనబడదు. జపానులో అక్షరం మారిస్తే అర్థం పోయినట్టే, మన దగ్గర పలుకు మారిస్తే చరిత్ర పోతుంది.

ఓబులు సంగతే దగ్గరగా చూద్దాం. జమ్మలమడుగుకు ఉత్తరాన, ఆళ్లగడ్డ దాటి నల్లమల అంచున అహోబిలం ఉంది. నరసింహుడి ఉగ్రరూపం చూసి దేవతలు ఆ బలానికి ఆశ్చర్యపోయి కేక వేశారని, అందుకే అది అహోబలమని స్థలపురాణం. విజయనగర కాలానికి ఈ పేరు ఔబళం అయింది. పదహారో శతాబ్దపు నంద్యాల పాలకుల్లో ఔబళరాజు ఉన్నాడు. అంటే రాజు పేరు కూడా రాతలో అహోబలుడు కాదు, ఔబళుడే. ఆ ఔబళమే మరింత నలిగి ఓబళ, ఓబుళ, ఓబుల అయింది. దానికి అయ్య చేరితే ఓబయ్య, అన్న చేరితే ఓబన్న, ఈశుడు చేరితే ఓబులేసు, రెడ్డి చేరితే ఓబుళరెడ్డి, అమ్మ చేరితే ఓబులమ్మ. మొదటి బిడ్డ పెద్దోబులేసు, తర్వాతి వాడు చిన్నోబులేసు. సంక్రాంతి వెళ్లాక అహోబిలేశుడు పారువేటకు బయల్దేరి దాదాపు నలభై రోజులు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. దేవుడే గడపలోకి వచ్చే సీమలో పిల్లవాడికి ఆ దేవుడి పేరు పెడితే, ఆ పేరు గర్భగుడిలోని అర్చకుడి ఉచ్చారణతో ఉండదు, ఊరేగింపులో వినిపించే ఉచ్చారణతో ఉంటుంది. ఓబులేసును అహోబిలేశ్వర్ అని దిద్దితే అర్థం మెరుగైనట్టు అనిపిస్తుంది. కానీ అహోబిలేశ్వర్ అనే పేరు మద్రాసులోనూ పెట్టుకోవచ్చు, హైదరాబాదులోనూ పెట్టుకోవచ్చు. ఓబులేసు అన్నవెంటనే మాత్రం మనిషి ఏ సీమవాడో తెలిసిపోతుంది.

తిరుమలకూ ఇదే కథ. తిరుమల నలిగితే తిమ్మ. రాజంపేట దగ్గరి తాళ్లపాక కుటుంబం కంటే దీనికి మంచి సాక్ష్యం లేదు. అన్నమయ్య భార్య, సుభద్రా కల్యాణం రాసిన కవయిత్రి, తిరుమలమ్మ అనీ తిమ్మక్క అనీ రెండు పేర్లతోనూ మనకు తెలుసు. వేంకటేశ్వరుడి సేవలో మూడు తరాలు గడిపిన ఆ ఇంటికి తిరుమల అన్న మాట సరిగ్గా పలకడం రాకపోవడమేమిటి? అన్నమయ్య కొడుకు పేరు పెద తిరుమలాచార్యుడు, అతని పేరు ఎవరూ తిమ్మాచార్యుడు అనలేదు. అదే ఇంట్లో అన్నమయ్య జీవితాన్ని ద్విపదలో రాసిన మనుమడి పేరు చిన తిరువేంగళనాథుడు, లోకానికి చిన్నన్న. అంటే నోటిపేరూ రాతపేరూ రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషికి, దేని చోటు దానిదిగా బతికాయి. తిమ్మక్క అన్నది ఆప్యాయంగా పిలుచుకున్న పేరు, పుస్తకం మీద కూడా నిలిచిన పేరు. కృష్ణదేవరాయల ఆస్థానానికి వస్తే అల్లసాని పెద్దన, నంది తిమ్మన. కమలాపురం దగ్గరి కోకటం పెద్దనకు రాయలిచ్చిన అగ్రహారం. పెద్దన అంటే ఇంట్లో పెద్దవాడు, అంతకు మించి ఏమీ లేదు. జపానులో ఇచిరో అంటే మొదటి కొడుకు, జిరో రెండోవాడు, సబురో మూడోవాడు. మన పెద్దన్న, నడిపన్న, చిన్నన్న అచ్చం అంతే. ఆంధ్రకవితాపితామహుడు అనే బిరుదు మోసిన మనిషి అసలు పేరు ఇంత సాదాగా ఉండటాన్ని ఆ కాలం వాళ్లు ఎవరూ లోటుగా చూడలేదు. అహోబిల నరసింహుడి కథను నృసింహపురాణంగా రాసిన కవి పేరు ఎఱ్ఱన. మొల్ల పేరు ఒక తెల్లని పువ్వు పేరు. పండితులు ఎన్ని సమాసాలు కూర్చగలరో తెలిసిన కాలంలోనే ఈ పేర్లు కావ్యాల మొదటి ఆకుల మీద నిలిచాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. నోటిపేరు రాజుల ఇంట్లో ముద్దుపేరు కావచ్చు గానీ పల్లెలో అది కులం గుర్తు కదా అంటారు. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డ తిరుగుబాటు నాయకుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, అతనికి కుడిభుజంగా నిలిచినవాడు వడ్డె ఓబన్న. ఇద్దరి పేర్లూ అహోబిలం దేవుడివే. పాళెగాడి కొడుకుకు నరసింహుడి పూర్తి పేరు, రాళ్లు కొట్టే కులంలో పుట్టినవాడికి నలిగిన పేరు. ఈ తేడాను కాదనలేం. దొర పేరు మూడు మాటలై, పనివాడి పేరు సగం మాటగా మిగిలిపోయి, దానికి ఓరేయ్ తగిలించి పిలిచిన కాలం చాలా పొడుగైనది. ఎవరైనా ఆ పిలుపులోని అవమానాన్ని వదిలించుకోవడానికి పిల్లలకు కొత్త పేర్లు పెట్టుకున్నారంటే అది వాళ్ల హక్కు, ఆ పనిలో గౌరవం ఉంది. అయితే అవమానం పేరులో ఉందా, పిలిచిన తీరులో ఉందా అన్నది వేరుచేసి చూడాలి. ఔబళరాజు రాజే. ఓబుళరెడ్డులు భూస్వాముల ఇళ్లలో ఉన్నారు. వడ్డె ఓబన్న పేరు వింటే ఇవాళ సీమలో తల ఎత్తుకునేవాళ్లే గానీ దించుకునేవాళ్లు లేరు. పేరు తక్కువది కాదు, ఆ పేరున్నవాడిని తక్కువ చేశారు. ఆ తప్పును పేరు మీదికి నెట్టేస్తే చేసినవాళ్లు తప్పించుకుంటారు.

ఇక్కడే తిప్పయ్య, పుల్లయ్య, పెంటయ్య, కుప్పమ్మ పేర్లను గురించి ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అందరికన్నా ఎక్కువ నవ్వులపాలైనవి ఇవే. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద దొర్లించి తీసుకొచ్చేవాళ్లు. ఇది పారేసిన బిడ్డ, మాది కాదు, దీనిమీద కన్ను వేయనక్కర్లేదు అని మృత్యువును నమ్మించడమే ఉద్దేశం. పుల్లయ్య పేరులో ఆ ఎంగిలాకు ఉంది, తిప్పయ్య పేరులో ఆ కుప్ప ఉంది. వైద్యం లేని కాలంలో బిడ్డను బతికించుకోవాలని తల్లి చేసిన ఆఖరి ప్రయత్నం ఆ పేరు. ఇది పేదల మూఢనమ్మకం అని తోసేసేవాళ్లు జపాను చరిత్రలో ఒక్క ఘట్టం చూడాలి. పదహారో శతాబ్దం చివర దేశాన్నంతా తన కిందికి తెచ్చుకున్న తొయోతొమి హిదెయోషికి లేకలేక 1589లో కొడుకు పుట్టాడు. వాడికి పెట్టిన చిన్ననాటి పేరు సుతె, అంటే పారేసినవాడు. ఆ బిడ్డ 1591లో చనిపోయాడు. 1593లో మరో కొడుకు పుడితే వాడికి హిరోయి అని పెట్టారు, అంటే ఏరుకున్నవాడు. దేశాన్ని ఏలే మనిషి తన కొడుకును పెంటయ్య అని పిలుచుకున్నాడు. మన దగ్గరా ఇది ఒక్క కులానికో ఒక్క తరగతికో చెందినది కాదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది అవచి తిప్పయ్యసెట్టికి, దేశాంతరాల సుగంధద్రవ్యాల వర్తకం చేసిన శ్రీమంతుడికి. సాళువ వంశంలో గోప తిప్పరాజు ఉన్నాడు. వామనుడి అలంకార గ్రంథానికి కామధేనువు అనే వ్యాఖ్య రాసింది ఆయనే. ఆ సంస్కృత గ్రంథంలో ఆయన పేరు గోపేంద్ర త్రిపురహర భూపాలుడు. తిప్ప అనే మాటకు త్రిపురాంతకుడి నుంచి వచ్చిందన్న వివరణ కూడా ఉంది, కొన్ని ఇళ్లలో అది నిజమే అయ్యుండొచ్చు. కానీ ఈ ఒక్క మనిషిలో మనకు కనబడేది ఏమిటంటే, తెలుగు శాసనంలో తిప్ప అని హాయిగా రాయించుకున్న రాజే సంస్కృత గ్రంథానికి వెళ్లేసరికి త్రిపురహరుడు అయ్యాడు. ఏ కాగితం మీద రాస్తున్నామన్నదాన్ని బట్టి పేరు మారింది. తిప్ప పేరును ఎవరూ తీసేయలేదు.

ఇంత దూరం వచ్చాక, సంస్కృతం నుంచి అరిగి వచ్చిన మాటలన్నీ అపభ్రంశాలే కదా, వాటిని మూలానికి తీసుకుపోతే తప్పేమిటి అనేవాళ్లకు జవాబు దర్గాల వైపు నుంచి వస్తుంది. ఈ సీమలో దస్తగిరి అనే పేరు హిందువుల ఇళ్లలోనూ ముస్లింల ఇళ్లలోనూ ఉంది. దస్తగిరయ్య, దస్తగిరమ్మ, దస్తగిరి రెడ్డి. బాగ్దాదులో 1166లో మరణించిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ మహాత్ముణ్ని దస్త్‌గీర్ అంటారు. పారశీకంలో చేయి పట్టుకుని కాపాడేవాడు అని అర్థం. తెలుగు చెవికి ఆ గీర్ గిరిలా వినబడింది. వేంకటగిరి, శేషగిరి పక్కన దస్తగిరి కుదురుకుంది. దీన్ని ఏ మూలానికి దిద్దుతారు? సంస్కృతానికి దిద్దితే అర్థం లేదు, పారశీకానికి దిద్దితే పిలిచేవాళ్లు లేరు. పేరు తన అసలు రూపాన్ని పొందింది తెలుగులోనే. కొండాపురం పక్కనే ఉన్న అనంతపురం సీమలో, నార్పల మండలం గూగూడులో, మొహరం నాడు కుళ్లాయిస్వామి పేరిట పీరును లేపుతారు. అగ్నిగుండం తొక్కేవాళ్లలో, మొక్కులు తీర్చేవాళ్లలో అన్ని కులాలూ ఉంటాయి. ఆ మొక్కుతో పుట్టిన పిల్లలు కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు. కుళ్లాయి అంటే టోపీ, పారశీకం నుంచి వచ్చి తెలుగులో ఎప్పుడో ఇంటిమాట అయిపోయింది. ఫకీరు పక్కీరయ్య అయ్యాడు, ఎందుకంటే పాత తెలుగు నోటికి ఫ లేదు. హుస్సేను ఉసేనప్ప అయ్యాడు. అప్ప, అయ్య, అమ్మ అనే తోకలు చేరిన ప్రతిచోటా ఒక పరాయి మాట మన ఇంటిమనిషి అయిన గుర్తు ఉంది. కడపను మయానా పఠాన్ నవాబులు ఏలిన చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలుగా, కప్పాలుగా ఉంటుంది. అదే చరిత్ర ఒక రెడ్డి ఇంట్లో దస్తగిరిగా ఉంది. రెండో సాక్ష్యం మొదటిదాని కంటే ఏమాత్రం తక్కువ కాదు. ఇవాళ మనుషులను మతాల వారీగా విడదీసి చూడాలనుకునేవాళ్లకు ఈ పేర్లు అడ్డమొస్తాయి, అందుకైనా వీటిని ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకోవాలి.

దిద్దే అలవాటు ఎప్పుడు మొదలైంది? 1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీకి వదులుకున్నాడు. అప్పటి నుంచి 1807 దాకా థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా ఉండి పొలం పొలం కొలిపించి, రైతు రైతుకూ వేరుగా శిస్తు కట్టాడు. రైత్వారీ పద్ధతి అంటే ఒక విధంగా పేర్ల పద్ధతి. అంతకు ముందు ఊరి పేరిట, రెడ్డి పేరిట, కరణం పేరిట సాగిన లెక్క ఇప్పుడు పొలం దున్నేవాడి పేరిట సాగాలి. జపానులో 1872లో ఇంటింటి రిజిస్టరు తయారుచేసి, 1875లో సామాన్యులంతా ఇంటిపేరు పెట్టుకోవాలని శాసించడానికి ఇంచుమించు డెబ్భై ఏళ్ల ముందే ఇక్కడ పొలం ఉన్న ప్రతి మనిషి పేరూ సర్కారు కాగితంలోకి ఎక్కడం మొదలైంది. అయితే ఆ కాగితం రాసింది కరణం, గొలుసుకట్టు తెలుగులో, తన చెవికి వినబడినట్టు. అందుకే పాత లెక్కల్లో ఓబిగాడు, ఓబన్న, ఓబుళరెడ్డి అందరూ పలికినట్టే దొరుకుతారు. కులాన్ని బట్టి గాడు, అన్న, రెడ్డి మారడం కూడా అక్కడే దొరుకుతుంది. ఆ అన్యాయానికి అదే రుజువు. మన్రో మీద అభిమానంతో జనం పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారని చెబుతారు. పులివెందుల వైపు గండి ఆంజనేయుడి సన్నిధిలో ఆయనకు బంగారు తోరణం కనబడిందన్న కథ కూడా అలాంటి అభిమానం నుంచి పుట్టిందే. ఒక స్కాట్లండు ఇంటిపేరు కూడా ఇక్కడ అప్ప చేర్చుకుని కుళ్లాయప్ప పక్కన కూర్చుంది.

అసలు దెబ్బ తగిలింది రాత తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారినప్పుడు. తెలుగు అక్షరం అర్థం మోయకపోయినా పలుకును నిలిపేది. ఇంగ్లీషు అక్షరాలు మన పేరులోని పలుకును కూడా నిలపవు. వాటిలో రమకూ రాముడికీ తేడా తెలియదు, ళకూ లకూ తేడా లేదు. మన నోరు ఎల్లమ్మ అన్నప్పుడు ముందు ఒక చిన్న య దొర్లుతుంది, ఓబయ్య అన్నప్పుడు చిన్న వ దొర్లుతుంది. తెలుగులో రాస్తే అది అక్షరంగా కనబడదు. ఇంగ్లీషులో రాసే గుమాస్తా ఒకడు ఆ వను వింటాడు, మరొకడు వినడు. అన్న పేరు వి దగ్గర, తమ్ముడి పేరు ఓ దగ్గర చేరితే అక్షరక్రమంలో ఒకే ఇంటివాళ్లు రెండు మూలలకు పోతారు. ఇంటిపేర్లు పొడి అక్షరాలయ్యాయి. జమ్మలమడుగులో పుట్టి పులివెందుల నుంచి ముఖ్యమంత్రి అయిన యెడుగూరి సందింటి రాజశేఖరరెడ్డి పేరు వైయస్సార్ అయింది, 2010లో జిల్లా పేరు కూడా అయింది. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలను తెలుగులో పలికి రాసుకుంటున్నాం, వాటి వెనక యెడుగూరి, సందిల్లు అనే తెలుగు మాటలున్నాయని గుర్తున్నవాళ్లు తగ్గిపోతున్నారు. అదే పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి తన పేరును కుదించుకున్నప్పుడు ఆర్.ఆర్. అనలేదు, రా.రా. అన్నాడు. సంవేదన పత్రిక నడిపిన ఆ మనిషి రెండు తెలుగు అక్షరాలతోనే సంతకం పెట్టి తెలుగు సాహిత్యంలో ఎంత భయం, ఎంత గౌరవం సంపాదించాడో చదివినవాళ్లకు తెలుసు.

కాలం మారింది, ఎవరూ పిల్లలకు పుల్లయ్య అని పెట్టరు, ఇదంతా ఎందుకని అడగొచ్చు. కొత్తగా పుట్టిన బిడ్డకు పాత పేరే పెట్టమని ఎవరినీ అడగడం లేదు. తల్లిదండ్రులకు నచ్చిన పేరు పెట్టుకుంటారు, ధనంజయుడు కూడా ఒకనాటి కొత్త ఫ్యాషనే. అడిగేది ఇప్పటికే ఉన్న పేర్ల సంగతి. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్లను పరిశోధించి ఊరిపేరులోని ప్రతి పాడు, ప్రతి పల్లె, ప్రతి మడుగు ఎందుకు అక్కడుందో చూపించారు. జమ్మలమడుగు పేరులోని నీటిమడుగును దిద్దాలని ఎవరికీ తోచదు. మనిషి పేరుకు కూడా అంత మర్యాద దక్కాలి. బడిలో చేర్చుకునేటప్పుడు ఓబులేసును ఓబులేష్‌గా, తిమ్మక్కను తిరుమల కుమారిగా మార్చే పంతులు మంచి ఉద్దేశంతోనే ఆ పని చేసి ఉండొచ్చు. కానీ తల్లి నోట ఉన్న పేరు కంటే తన కలం ఎక్కువని ఆ బిడ్డకు మొదటిరోజే చెప్పినట్టవుతుంది.

కొండాపురం విషయంలో ఇది మరీ దగ్గరి సంగతి. దాదాపు 27 టీఎంసీల గండికోట జలాశయం నిండేకొద్దీ తాళ్లప్రొద్దుటూరు, పాత కొండాపురం వంటి ఊర్లు ఖాళీ అయ్యాయి. గుడి, బావి, రచ్చబండ, కళ్లం ఉన్న ఊరు మునిగాక ఊరివాళ్లు వేర్వేరు కాలనీలకు చెదిరారు. అలాంటి చోట మనిషి ఫలానా ఊరివాడని, ఫలానా పొలం తనదని చెప్పేది కాగితం మీది పేరే. పట్టాదారు పుస్తకంలో తాత పేరు కరణం రాసినట్టు ఉంటుంది, రేషను కార్డులో మరొకలా, ఆధారులో ఇంగ్లీషు నుంచి తిరిగి తెలుగులోకి వచ్చి ఇంకొకలా. ఓబుళు, ఓబులు, వోబులు ఒక్కడేనని చూపించుకోవలసిన భారం ఆ మనుమడి మీద పడుతుంది. పేరును పలికినట్టు తెలుగులో రాసి, ఆ రాతనే అసలుగా పెట్టుకుని, మిగతా భాషల రూపాలను దానికి నకళ్లుగా చూస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది. కంప్యూటరుకు అది చేతకాదన్న మాట ఎప్పుడో చెల్లిపోయింది. చోఴ అని రాయడానికి కావలసిన, తెలుగు బడిలో ఎవరూ నేర్పని ఆ పాత అక్షరం కూడా 2014లో యూనికోడ్‌లో చేరింది. రేనాటి రాజుల వంశం పేరును వాళ్లు రాసుకున్నట్టే ఇప్పుడు ఫోనులో కొట్టొచ్చు, వాళ్ల రాళ్లకు దగ్గర్లోనే ఉన్న ఓబులేసు పేరును అతని తల్లి పిలిచినట్టే కొట్టొచ్చు.